చట్టాలన్నీ ఎక్కించినా ఏఐ ఏజెంటుకు భూమి కాగితాలు చూడటం ఎందుకు రావట్లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒక లాయరు గారి ఆఫీసు కోసం వ్యవసాయ భూముల కాగితాలు పరిశీలించి లీగల్ ఒపీనియన్ డ్రాఫ్టు రాసే ఏఐ ఏజెంటును (భాషా మోడల్‌తో నడిచే ప్రోగ్రాంను) తయారు చేస్తున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల రెవెన్యూ చట్టాలు, జీవోలు, తీర్పులు ముక్కలు చేసి వెక్టర్ డేటాబేస్‌లో (అర్థం దగ్గరగా ఉన్న ముక్కల్ని వెతికి ఇచ్చేదాంట్లో) పెట్టారు. డ్రాఫ్టులు చదవడానికి బాగానే ఉంటున్నాయి, కానీ సీనియర్ లాయరు గారు వాటిని పక్కన పడేస్తున్నారు. ఫైన్‌ట్యూనింగ్ (మోడల్‌కు మన ఉదాహరణలతో అదనపు శిక్షణ) చేయాలా, లేక పెద్ద మోడల్‌కి మారాలా అని అడిగారు.

ప్రస్తుతానికి రెండూ వద్దు. మీరు ఎక్కించింది లాయరు గారి బీరువాలో ఉన్న పుస్తకాలు మాత్రమే. ఫైలు చేతికి రాగానే ఏ కాగితం ముందు తీయాలి, ఏది కనబడకపోతే అక్కడే ఆగాలి, క్లయింటును ఏం అడగాలి అన్నది ఆయన బుర్రలో ఉంది. అది ఏ జీవోలోనూ అచ్చు కాలేదు. కాబట్టి ఎంత వెతికినా మీ డేటాబేస్‌లో దొరకదు.

ఒక ఉదాహరణ చెప్తాను. 1992 నాటి పంపకం పత్రం ఉంది, రిజిస్టర్ అయింది. ఉమ్మడి ఆస్తిని తండ్రి, ఇద్దరు కొడుకులు పంచుకున్నారు. కూతురి సంతకం లేదు. మోడల్‌ని అడిగితే కూతుళ్లకు సమాన హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ గురించి చెప్తుంది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను ఆ సవరణ కదిలించదని కూడా చెప్తుంది. ఇబ్బంది లేదని తేలుస్తుంది. చెప్పిన ప్రతి ముక్కా నిజమే, తేల్చిందే తప్పు. ఎందుకంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతకు ఇరవై ఏళ్ల ముందే సొంత సవరణ తెచ్చుకుంది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. మన దగ్గర సివిల్ ప్రాక్టీసు చేసే లాయరు ఆ పత్రం చూడగానే అడిగే మొదటి మాట, “ఆ అమ్మాయి పెళ్లి ఎప్పుడైంది?” ఆ తేదీ ఫైలులో ఉండదు. ఇంటికి ఫోన్ చేసి కనుక్కోవాలి, శుభలేఖో ఇంకో రుజువో తెప్పించాలి.

ఇక్కడ మీ ఏజెంటుకు తక్కువైంది చట్టం పాఠమే అనుకోకండి. ఆ రాష్ట్ర సవరణ మీ డేటాబేస్‌లో ఉన్నా అది పైకి రాదు. వెతికే వాక్యంలో 1985 అనే మాటే లేదు కదా. “పంపకం పత్రంలో కూతురి సంతకం లేకపోతే, పంపకం ఎప్పుడు జరిగింది, ఆమె పెళ్లి ఎప్పుడు జరిగింది అన్న రెండు తేదీలూ తేలకుండా ముందుకు పోకు” అన్న నియమం ఎక్కడో రాసి ఉండాలి. అది రాయడమే మీ అసలు పని.

అంతకన్నా ముందు తేలిగ్గా సరిచేయగలిగే పని ఒకటుంది, విస్తీర్ణాలు. తెలంగాణ పహాణీలో (ఊరి భూముల, సాగు రికార్డు; ఆంధ్రలో దాన్నే అడంగల్ అంటారు) 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్ర అడంగల్‌లో అదే 2.20 రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరం ఎక్కడైనా 4,840 చదరపు గజాలే. గుంటకు 121 గజాల చొప్పున 40 గుంటలు, సెంటుకు 48.4 గజాల చొప్పున 100 సెంట్లు. కానీ 2.20 మాత్రం ఒకచోట 12,100 గజాలు, ఇంకోచోట 10,648 గజాలు. మోడల్‌కి చుక్క కనబడితే అది దశాంశమే. 2.20కి 1.30 కలపమంటే 3.50 అంటుంది. తెలంగాణ లెక్కలో జవాబు నాలుగెకరాల పది గుంటలు. ప్రాంప్టులో “గుంటల విషయంలో జాగ్రత్త” అని రాస్తే చాలాసార్లు సరిగ్గానే చేస్తుంది. “చాలాసార్లు” అనేది భూమి విషయంలో పనికిరాదు. రాష్ట్రం, కాగితం రకం, రాసిన అంకె తీసుకుని గజాల్లోకి మార్చి ఇచ్చే చిన్న ఫంక్షన్ రాయండి. ఏజెంటు కూడికలన్నీ దానితోనే చేయాలి, సొంతంగా ఒక్కటీ చేయకూడదు. ఫసలీ సంవత్సరాలకూ (రెవెన్యూ రికార్డుల్లో వాడే సంవత్సరాలు) అలాంటిదే ఒకటి రాయండి. ఫసలీ 1430 అంటే 2020 జులై 1 నుంచి 2021 జూన్ 30 వరకు. దీన్ని మోడల్ ఊహకు వదలడంలో అర్థం లేదు.

సర్వే నంబర్లదీ ఇదే కథ. తెలంగాణలో 245/అ, 245/ఆ అని బై నంబర్లు (ఒకే సర్వే నంబరులోని ఉప భాగాలు) ఉంటాయి. పోర్టల్‌లో వాటినే ఇంగ్లీషు అక్షరాల్లో చూపిస్తారు. ‘అ’కు ఒక ఏ, ‘ఆ’కు రెండు ఏలు, ‘ఇ’కి ఒక ఈ, ‘ఈ’కి రెండు ఈలు. (ఇది మొదటిసారి చూసిన వాళ్లెవరైనా తికమక పడతారు, మోడల్‌ని తప్పు పట్టలేం.) వెక్టర్ వెతుకులాటకు 245/అ, 245/ఆ దాదాపు ఒకటే. భూమి మీద అవి ఇద్దరు వేర్వేరు పట్టాదారులవి. సర్వే నంబర్లు, డాక్యుమెంటు నంబర్లు, ఖాతా నంబర్లు ఎంబెడింగుల్లోకి (అర్థాన్ని బట్టి వెతకడానికి పాఠాన్ని అంకెల వరసగా మార్చిన రూపం) పోనేకూడదు. కాగితం నుంచి తీసి, ఒకే రూపంలోకి మార్చి, మామూలు టేబుల్‌లో పెట్టి, అక్షరం అక్షరం సరిపోలిస్తేనే తీసుకోవాలి. ఆంధ్రలో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాతదానికీ కొత్తదానికీ లంకె చూపించే టేబుల్ లేకపోతే ఏజెంటు రెండు వేర్వేరు భూములనుకుంటుంది.

ఇక చట్టాల డేటాబేస్. ఉంచండి, కానీ ఇప్పుడున్నట్టు కాదు. ప్రతి ముక్కకూ ఏ రాష్ట్రం, ఏ తేదీ నుంచి అమల్లో ఉంది, ఏ తేదీ వరకు ఉంది, దేన్ని రద్దు చేసింది అన్న వివరాలు తగిలించాలి. పట్టాదారు పాసు పుస్తకాల చట్టమే చూడండి. 1971 నాటి చట్టం ఆంధ్రలో ఇప్పటికీ ఉంది. తెలంగాణలో దాని స్థానంలో 2020లో కొత్త చట్టం వచ్చింది, ఆ అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం వచ్చి దాన్నీ పక్కకు నెట్టింది, మధ్యలో పోయిన అప్పీలు ఏర్పాటు మళ్లీ వచ్చింది. తెలంగాణలో 2012 నాటి మ్యుటేషన్‌కు (రికార్డులో పట్టాదారు పేరు మార్పు) ఒక చట్టం, 2022 నాటిదానికి ఇంకొకటి, నిన్నటిదానికి మరొకటి. తేదీ అడగకుండా “పాసు పుస్తకాల చట్టం ప్రకారం” అని మొదలుపెట్టిన జవాబును చదవక్కర్లేదు.

ఆంధ్ర ల్యాండ్ టైట్లింగ్ చట్టం ఇంకా చిక్కు. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది, 2024లో రద్దయింది. ఆ మధ్యలో దాని మీద చాలా చర్చ జరిగింది. ఇంటర్నెట్ నిండా దాని గురించిన రాతలే. మోడల్ చదివినవాటిలో అది బతికే ఉంది. అసైన్డ్ భూములు (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి) ఇంకొకటి. 1977 చట్టం రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి వారసత్వమే, కానీ అసలు లబ్ధిదారులు ఇరవై ఏళ్ల తర్వాత అమ్ముకోవచ్చన్న 2023 సవరణ ఆంధ్రది. దాన్ని తెచ్చి తెలంగాణ భూమికి అంటించే డ్రాఫ్టు మీ దగ్గర ఈపాటికే వచ్చి ఉంటుంది.

ముక్కలు చేసే పద్ధతి కూడా మార్చండి. ఐదువందల టోకెన్లకు (మోడల్ చదివే మాటల తునకలు) ఒకచోట కోసుకుంటూ పోతే సెక్షన్ ఒక ముక్కలో, “అయితే” అని మొదలయ్యే మినహాయింపు ఇంకో ముక్కలో పడతాయి. మొదటిది దొరుకుతుంది, రెండోది దొరకదు. సెక్షన్ మొత్తం, దాని మినహాయింపులతో సహా ఒకే ముక్కగా ఉండాలి. “ఫలానా మాటల బదులు ఫలానా మాటలు చదువుకోవాలి” అని ఉండే సవరణ జీవోలు విడిగా పెడితే చెత్తే. ఎవరైనా కూర్చుని అసలు పాఠంలో ఆ మార్పులు చేసి కొత్త ప్రతి తయారు చేయాలి. విసుగు పుట్టించే పనే, కానీ రెండు మూడు ముఖ్యమైన చట్టాలకు చేస్తే చాలు. తెలుగు స్పెల్లింగుల గొడవ ఉండనే ఉంది. పహాణి, పహాణీ, పహానీ మూడూ ఒకటేనని చెప్పే పర్యాయపదాల పట్టిక పెట్టి, ఎంబెడింగ్ వెతుకులాటతో పాటు మాటను మాటగా వెతికే బీఎం25 కూడా కలపండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. లాయరు గారి బుర్రలో ఉన్నది బయటికి తీయడం ఎలా?

ఇది కొత్త బాధ కాదు. 1970ల్లో స్టాన్‌ఫోర్డ్‌లో రక్తంలో ఇన్ఫెక్షన్లకు మందు సూచించే మైసిన్ అనే ప్రోగ్రాం చేశారు. దాదాపు ఆరువందల నియమాలు డాక్టర్లతో కూర్చుని రాసుకున్నారు. ఆ బృందాలతో పనిచేసిన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ అప్పట్లోనే చెప్పింది, యంత్రం కన్నా నిపుణుడి నుంచి జ్ఞానం రాబట్టడమే ఇరుకు దారి అని. ఇప్పటి మోడళ్లు పీడీఎఫ్‌లు వాటంతటవే చదువుతాయి కాబట్టి ఆ ఇరుకు పోయిందని అందరం అనుకున్నాం. పుస్తకాల వరకే పోయింది.

“సర్, మీరు పాటించే రూల్స్ చెప్పండి” అని అడగకండి. లా కాలేజీ నోట్సు చెప్తారు. ఆయనకే తెలియదు తను ఏం చేస్తున్నారో, చేతికి అలవాటైన పని అలాగే ఉంటుంది. ముగిసిపోయిన పాత ఫైలు ఒకటి ఇచ్చి, పేజీలు తిప్పుతూ మనసులో అనుకునేది పైకి అనమనండి, ఆయన ఒప్పుకుంటే రికార్డు చేయండి. చదివిన పేజీ దగ్గర కన్నా వదిలేసిన పేజీ దగ్గర ఆపి అడగండి: “ఇది ఎందుకు చూడలేదు?” అక్కడ వచ్చే జవాబుల్లోనే సరుకు ఉంటుంది. “ఈ ఊరు ఏజెన్సీలో ఉంది, కొనేవాళ్లు గిరిజనులు కాదు, ఇక మిగతాది చూసి ఏం లాభం” అంటారు. చూశారా, 1/70 నిబంధన (ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదనేది) మీ డేటాబేస్‌లో ఉంది. కానీ అది అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న అని, జవాబు అవునైతే ఫైలు అక్కడే మూసేయాలని డేటాబేస్‌కి తెలియదు. ఏజెంటుకు కావలసింది షెడ్యూల్డ్ ప్రాంత గ్రామాల పట్టిక, దాన్ని మొదటి అడుగులోనే చూడమనే ఆదేశం. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితా (రిజిస్టర్ చేయకూడని భూములది) కూడా అంతే, మొదట్లోనే చూడాలి.

తర్వాత అదే ఫైలులో ఒక్క విషయం మార్చి అడగండి. “జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) ఇచ్చినాయన అమ్మకం నాటికి చనిపోయి ఉంటే?” “ఈ లింకు డాక్యుమెంటు (హక్కు చేతులు మారినట్టు చూపే పాత పత్రం) ఒరిజినల్ లేకుండా సర్టిఫైడ్ కాపీయే ఉంటే?” “అమ్మేవాళ్లు మీకు తెలిసినవాళ్లయితే?” చివరిది నవ్వుతూ అడిగినా జవాబు రాసుకోండి. ఏ నియమం ఆయనకు ప్రాణమో, ఏది ఊరికే రాసే మాటో అక్కడ తేలుతుంది.

ఆఫీసు గుమాస్తాను వదలకండి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగేది ఆయన. ఆన్‌లైన్‌లో ఈసీ (రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా) సాధారణంగా 1983 నుంచే వస్తుందని, అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో అర్జీ పెట్టి తీయించాలని చెప్పేది ఆయనే. ఈ ఒక్క ముక్క తెలియని ఏజెంటు ఆన్‌లైన్ ఈసీలో ఏమీ లేకపోతే “లావాదేవీలు లేవు” అని రాసేస్తుంది. సాదాబైనామా (తెల్లకాగితం మీద అమ్మకం), నోటి పంపకం, రిజిస్టర్ కాని వీలునామా ఈసీలో ఎప్పటికీ కనబడవు. అవి కనబడేది పాత పహాణీల్లో, అది కూడా అనుభవదారు (భూమి నిజంగా ఎవరి చేతిలో ఉందో వాళ్ల) కాలమ్‌లో. పట్టాదారు పేరు ఒకటి, అనుభవదారు పేరు ఇంకొకటి అయితే అక్కడ ఏదో కథ ఉన్నట్టే.

వచ్చిన నియమాన్ని ఎలా రాయాలంటే, పనికి వచ్చిన జూనియర్‌కు చెప్పినట్టు. ఏం చేయాలి, ఎందుకు చేయాలి, ఎప్పుడు వర్తించదు, మూడూ ఉండాలి. నమూనా:

“అమ్మకందారు ఈ సర్వే నంబరులో కొన్నది ఎంత, ఇప్పటిదాకా అమ్మింది ఎంత అన్నది ఈసీ మొత్తం చూసి విస్తీర్ణం టూల్‌తో కూడు. అమ్మింది ఎక్కువైతే ఒపీనియన్ రాయకు, సీనియర్‌కు పంపు. కారణం: ముక్కలుగా అమ్మేటప్పుడు చివరి కొనుగోలుదారుకు భూమి మిగలదు, కాగితం మాత్రం సక్రమంగానే ఉంటుంది. మినహాయింపు: రీసర్వేలో విస్తీర్ణం మారిన ఊళ్లు; అప్పుడు రెండు విస్తీర్ణాలూ చూపించు.”

“ఎందుకు” అన్నది తీసేస్తే నియమం మొండిగా మారుతుంది. కారణం తెలిస్తే మోడల్ మనం ఊహించని కేసులో కూడా దాన్ని దాదాపు సరిగ్గానే వాడుతుంది. పైన చెప్పినలాంటివన్నీ ఒకే పెద్ద ప్రాంప్టులో కుక్కకండి. పొడవాటి కాంటెక్స్టు (మోడల్‌కు ఒకేసారి ఇచ్చే పాఠం) మధ్యలో ఉన్నదాన్ని మోడళ్లు సరిగ్గా వాడుకోవని 2023లోనే ఒక పరిశోధన చూపించింది. తర్వాత వచ్చిన మోడళ్లు మెరుగయ్యాయి, కానీ అనవసరమైనది ముందు పెడితే దారి తప్పే గుణం పోలేదు. ఒక పేజీ ముఖ్య ఫైలు, అందులో అడుగుల వరస, ఏ సందర్భంలో ఏ ఉప ఫైలు తెరవాలో సూచన. అసైన్డ్ భూములకు ఒకటి, వారసత్వానికి ఒకటి, జీపీఏకి ఒకటి. ఆంత్రోపిక్ 2025 అక్టోబరులో స్కిల్స్ అనే పేరుతో తెచ్చింది ఈ పద్ధతినే. మీరు ఏ ఫ్రేమ్‌వర్క్ వాడుతున్నా మామూలు ఫోల్డరుతోనే చేసుకోవచ్చు. టూల్స్‌ని ఎంసీపీ (మోడల్‌కు టూల్స్ తగిలించే ఒక ప్రామాణిక పద్ధతి) ద్వారా ఇస్తారా, నేరుగా ఇస్తారా అన్నది మీ సౌకర్యం, దాని మీద వారాలు పోగొట్టుకోకండి.

ఇద్దరు సీనియర్లు ఒకే విషయంలో చెరోమాట చెప్తారు, తప్పదు. సగటు తీయకండి. రెండు అభిప్రాయాలూ పేర్లతో రాసి, అలాంటి చోట ఏజెంటు రెండూ చూపించి ఆగాలని చెప్పండి.

పరీక్షల సంగతి. నియమాలు రాయడం మొదలుపెట్టకముందే లాయరు గారు ముగించిన పాత ఫైళ్లు కొన్ని పక్కకు తీసి పెట్టండి, వాటిని ఏజెంటు ముందుగా చూడకూడదు. (బయటి సర్వరుకు పంపేముందు ఆధార్ నంబర్లు, ఫొటోలు, వేలిముద్రలు మాస్క్ చేయండి. సేల్‌డీడ్ ప్రతి పేజీలో ఏదో ఒకటి ఉంటుంది.) తప్పుల్ని రెండు రకాలుగా వేరువేరుగా లెక్కించండి. బాగాలేని భూమిని బాగుందనడం ఒకటి, బాగున్నదానికి అక్కర్లేని అభ్యంతరం పెట్టడం రెండోది. రెండోదానికి పోయేది లాయరు గారి పది నిమిషాలు. మొదటిదానికి ఒక కుటుంబం జీవితకాలం దాచుకున్నది పోతుంది. రెండూ కలిపి ఒక శాతం చెప్పే నివేదిక నాకు చూపించొద్దు.

నాకు ఎక్కువ నమ్మకమున్న పరీక్ష ఇది. మంచి ఫైలులోంచి ఒక లింకు డాక్యుమెంటు తీసేసి ఏజెంటుకు ఇవ్వండి. “1998 నుంచి 2006 మధ్య హక్కు ఎవరి దగ్గరుందో చూపించే కాగితం లేదు” అని చెప్పాలి. చాలా ఏజెంట్లు చెప్పవు. మధ్యలో ఖాళీని ఒక చక్కటి వాక్యంతో పూడ్చేస్తాయి. పాత సేత్వార్లు (తొలి సర్వే రికార్డులు), తొలినాటి పహాణీలు ఉర్దూలో, చేతిరాతలో ఉంటాయి కాబట్టి “ఈ పేజీ చదవలేకపోయాను” అనడం కూడా దానికి నేర్పాలి, అలా అన్నందుకు పరీక్షలో మార్కులు వేయాలి. తీర్పుల ఉదహరింపులు మాత్రం మోడల్ నిజాయితీకి వదలకండి. 2023లో న్యూయార్క్‌లో ఏవియాంకా విమాన సంస్థ మీద వేసిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులు దాఖలు చేసి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. డ్రాఫ్టులోని ప్రతి ఉదహరింపునూ మీ డేటాబేస్‌తో కోడ్ సరిచూడాలి, దొరకనిది కొట్టేయాలి.

ఫైన్‌ట్యూనింగ్ మీద మీకున్న ఆశ అర్థమవుతుంది, ఒకసారి శిక్షణ ఇస్తే గొడవ తీరిపోతుందనిపిస్తుంది. కానీ కొత్త వాస్తవాలు ఎక్కించడానికి అది మంచి దారి కాదు. ఫైన్‌ట్యూనింగ్‌లో మోడల్ తనకు తెలియని వాస్తవాలను చాలా నెమ్మదిగా నేర్చుకుంటుందని, నేర్చుకున్నకొద్దీ కల్పించి చెప్పే ధోరణి పెరుగుతుందని 2024లో గూగుల్ పరిశోధకులు కూడా ఉన్న ఒక బృందం చూపించింది. పైగా రేపు భూభారతికి సవరణ వస్తే మోడల్‌లోంచి పాతది తీసేయలేరు, ఫైలులోంచి అయితే నిమిషంలో తీసేస్తారు. బ్లూమ్‌బర్గ్ 2023లో 5,000 కోట్ల పారామీటర్ల ఆర్థిక రంగ మోడల్‌ను మొదటి నుంచీ శిక్షణ ఇచ్చి తయారు చేసుకుంది. అదే ఏడాది వచ్చిన పోలికల్లో జీపీటీ-4 లాంటి సాధారణ మోడల్ చాలా ఆర్థిక పనుల్లో దాన్ని దాటేసింది. మీకు ఫైన్‌ట్యూనింగ్ పనికొచ్చే చోటు వేరే ఉంది. స్కాన్ చేసిన కాగితం సేల్‌డీడా, గిఫ్ట్‌డీడా, అడంగల్ నకలా అని గుర్తుపట్టడం, చేతిరాత పహాణీ కాలమ్‌లు విడదీయడం. అలాంటి వాటికి చిన్న మోడల్, లోరా (మోడల్‌లో కొద్ది భాగానికే శిక్షణ ఇచ్చే చవక పద్ధతి) చాలు, ఉదాహరణలు మాత్రం వేలల్లో కావాలి.

చివరిగా పెద్ద మోడల్ సంగతి. లాయరు గారు కొట్టేసిన ప్రతి డ్రాఫ్టుకూ కారణం రాయండి: కాగితం లేదు, కాగితం తప్పుగా చదివింది, నియమం రాసి లేదు, నియమం ఉన్నా తెరవలేదు, టూల్ తప్పు, లేదా అన్నీ ముందున్నా తర్కం తప్పింది. మోడల్ మారిస్తే గట్టిగా బాగుపడేది ఈ చివరి కుప్ప. ముందు పైవన్నీ సరిచేసి మళ్లీ లెక్కించండి, అప్పటికీ ఆ కుప్పే పెద్దగా ఉంటే నెల రోజులు పెద్ద మోడల్ తీసుకుని, అదే పాత ఫైళ్ల మీద రెండింటినీ పక్కపక్కన నడిపి చూడండి.